మోత లేని గిటారు

వినాయక చవితి దగ్గరపడుతోందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో సౌండు రిపేరు దుకాణం పెట్టుకున్నవాళ్ళకు నీళ్ళు తాగే తీరిక ఉండదు. ఏడాది పొడుగునా అటకమీద పడేసిన ఆంప్లిఫయర్లన్నీ జనానికి ఒక్కసారే గుర్తొస్తాయి. దేవుడొస్తున్నాడని దుమ్ము దులుపుతారు, దులిపాక గానీ తెలియదు లోపల ఎలుక పిల్లల్ని పెట్టిందని. ఇక అప్పుడు పరుగో పరుగు. మెట్రో పిల్లర్ల వెనక సందులో వాణి దుకాణం ముందు ఆ వారం స్పీకర్లు మనిషెత్తు పేర్చి ఉన్నాయి, కాలు పెట్టే సందు లేదు.

బోర్డు మీద ఇప్పటికీ ‘సాయిలు రేడియో, టీవీ రిపేర్’ అనే ఉంటుంది. సాయిలు వాణి తండ్రి. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆయన సోల్డరింగ్ ఐరన్ పట్టడం మానేశాడు గానీ దుకాణానికి రావడం మానలేదు. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ, కూతురి పని మీద ఒక కన్నేసి ఉంచుతాడు. చేతులు వణుకుతాయి గానీ నోరు వణకదు. అదేమంటే, "నోరు బంద్ వెట్టుకోని కూసుంటె తిన్నది అరగదు బిడ్డా" అంటాడు.

ఆ రద్దీలో ఒక మధ్యాహ్నం గంగాధరరావు గిటారు సంచీ భుజాన వేసుకుని, స్పీకర్ల మధ్య నుంచి అడ్డంగా నడుచుకుంటూ లోపలికొచ్చాడు. తెనాలి నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి, ఎల్‌బీ నగర్‌లో స్థిరపడి, అక్కడే రిటైరైన మనిషి. పగలు బ్యాంకు, సాయంత్రం ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళలో ఆయన గిటారు వాయిస్తే ఆయన భార్య ఉదయలక్ష్మి పాడేది. గిటారు తీగలకోసం అప్పుడప్పుడూ వచ్చేవాడు కాబట్టి వాణికి ముఖపరిచయం ఉంది.

"అమ్మాయ్, దీంట్లో ఈగలు దూరాయి. వెళ్ళగొట్టాలి" అన్నాడు సంచీ జిప్పు లాగుతూ.

వాణి గిటారును ఆంప్‌కు తగిలించింది. తీగ ముట్టకముందే మోత మొదలైంది. తీగల కింద ఉండే పికప్పులంటే మరేమీ కాదు, అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన చుట్టలు. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని ఆంప్‌కు పంపుతాయి. చిక్కేమిటంటే ట్యూబులైటూ ఫ్యానూ గాలిలోకి వదిలే మోతను కూడా అవి ఊరుకోక పట్టుకొస్తాయి. ఒంటి చుట్ట ఉన్న పాత పికప్పులన్నిటికీ ఇదే జబ్బు.

"ఈగలు కావు సార్, కరెంటు మోత. గీ పికప్పులకు పుట్టుకతోనే ఉంటది."

"తెలుసు. అందుకే ఇవి తెప్పించాను" అని ఆయన చేతిసంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. చూడటానికి అచ్చం పాతవాటిలాగే ఉండి, మోత మాత్రం రానివ్వని పికప్పులు, మూడు. "మా ఆవిడ కోసం."

ఆ ఒక్క మాటకు సాయిలు స్టూలు ఇటు జరుపుకున్నాడు. గంగాధరరావు ఒక స్పీకరు డబ్బా మీద కూర్చున్నాడు.

"పోయినేడు మా కాలనీ మండపంలో తను పాడింది. పాడింది అంటే, మొదలుపెట్టింది. ఆ సీరియల్ బల్బులూ, వెనక జనరేటరూ, వాటి మధ్య నా గిటారూ. ఒకటే మోత. ముందు వరసలో ఎవరో నవ్వారు. తనకు శ్రుతి తప్పింది. ఎన్ని పెళ్ళిళ్ళలో పాడిందో లెక్కలేదు, ఎప్పుడూ తప్పని మనిషి. సౌండు అబ్బాయి నా గిటారు గొంతు నొక్కేశాడు. తను చరణం మధ్యలో మైకు కింద పెట్టి దిగిపోయింది. అంతే. అప్పటి నుంచి ఇంట్లో కూడా పాడటం లేదు. చివరికి పూజలో మంగళహారతి కూడా చదువుతోంది గానీ పాడట్లేదు."

"అయ్యో" అన్నాడు సాయిలు.

"మొన్న అడిగితే, ఆ మోత లేకపోతే చూద్దాం లెండి అంది. చూద్దాం అంది కదా. ఆ మాట పట్టుకుని పరుగెత్తుకొచ్చాను."

"అప్పటిదాంక మీరే పాడరాదు సారు?"

"నేనా? నేను నోరు తెరిస్తే మా ఆర్కెస్ట్రా వాళ్ళు ఫ్యూజు పీకేవాళ్ళు. కోరస్‌లో కూడా ఊరికే పెదాలు కదపమనేవాళ్ళు."

సాయిలు పగలబడి నవ్వాడు. వాణి నవ్వుతూనే గిటారును బల్ల మీదికి తీసుకుంది. చేతిలో వేరే పనులు బోలెడున్నా దీన్ని ముందు చేయాలనిపించింది. ఏడాదిగా హారతి చదువుకుంటున్న ఒక ఆడమనిషి ఆమె కళ్ళలో మెదులుతూనే ఉంది.

పాత తీగలు విప్పే ముందు అలవాటుగా ఫోనులో శ్రుతి కొలిచే యాప్ పెట్టి చూసింది. ఆరు తీగలూ ఉండాల్సినదానికంటే పిసరంత పైన ఉన్నాయి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు, అన్నీ ఒకే పిసరు. పెద్దాయన చెవితో పెట్టుకుంటాడు కాబోలు, వయసు మీద పడింది, పోనీలే అనుకుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

కొత్త పికప్పులో చుట్టలు రెండు, ఒకదాని మీద ఒకటి. పై చుట్ట తీగ పాటనూ గాలిలోని మోతనూ కలిపి పట్టుకుంటుంది. కింది చుట్ట మోతను మాత్రమే, అదీ తిరగేసి పట్టుకుంటుంది. రెండూ కలిసేసరికి మోతకు మోత చెల్లు, పాట మిగులుతుంది. చెప్పడానికి ఇంతే గానీ ఒక్క వైరు అటుదిటు అయిందా, మోతతో పాటు పాట కూడా పీలగా పోతుంది. వాణి గిటారు ముందున్న ప్లాస్టిక్ మూత తీసి, పాత అతుకులు కరిగించి, పాత పికప్పులను బిస్కెట్ డబ్బాలో దాచింది. కొత్తవాటి తెల్ల వైర్లు స్విచ్చికి, నల్లవి వాల్యూం నాబ్ వీపుకు. ప్రతి అతుకునూ వేలితో మెల్లగా లాగి చూసింది. అతుకు మెరవాలె, మబ్బుగ ఉన్నదంటె ఎప్పుడో ఓనాడు దగా చేస్తది అని సాయిలు చిన్నప్పుడే చెవిలో పోశాడు. అన్నీ మెరిశాయి. కొత్త తీగలు ఎక్కించి, ఫోను చూసుకుంటూ ఆరింటినీ ముల్లు నిలువుగా నిలబడేదాకా బిగించింది. ఆ పిసరు తేడా కూడా తీసేసినందుకు ఆమెకు తృప్తిగానే ఉంది.

సాయంత్రం గంగాధరరావు వచ్చేసరికి గిటారు ఆంప్‌కు తగిలించి సిద్ధంగా ఉంది.

"వెయ్యమ్మా" అన్నాడు.

"వేసే ఉన్నది సార్."

ఆయన నమ్మలేదు. ఆంప్ దగ్గరికి వంగి చెవి పెట్టాడు. నెత్తిమీద ట్యూబులైటు, పక్కన స్టెబిలైజరు, అయినా చడీ చప్పుడూ లేదు. బొటనవేలితో ఒక తీగ మీటాడు. తేనెచుక్క జారినట్టు ఒక్క స్వరం వచ్చి, మెల్లగా అరిగిపోయి, మళ్ళీ నిశ్శబ్దం. ఆయన వాణి తలమీద చెయ్యి పెట్టి, గిటారు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక సాయిలు అన్నాడు, "ఎల్‌బీ నగర్ దాంక పోయి ఒకపారి ఇనొస్తె ఐపోవు గద బిడ్డా."

ఇది సాయిలు పద్ధతి. ఆ రోజుల్లో రేడియో బాగుచేస్తే దుకాణంలో పలికించి చేతులు దులుపుకునేవాడు కాదు. గిరాకీ ఇచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళి, అది ఉండే గూట్లో పెట్టి, ఇంటివాళ్ళు వినేచోట కూర్చుని విని వచ్చేవాడు. దుకాణంల పలికితె సగమే మంచిగైనట్టు అనేవాడు. వాణి కూడా ఆ పద్ధతి తప్పేది కాదు, పండగ సీజన్‌లో తప్ప.

"ఎట్ల పోవాలె నాయినా? ధర్మేందర్ మిక్సర్ ఇంక ఇప్పనే లేదు. రేపు వానికియ్యకపోతె వాడు ఈడనే పండుకుంటడు."

ధర్మేందర్ అంటే ఆ చుట్టుపక్కల మండపాలకు సౌండు కిరాయికిచ్చేవాడు. గంగాధరరావు గారి కాలనీ కూడా వాడిదే. సాయిలు మళ్ళీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే ఒప్పుకోలేదని అర్థం.

రెండు రోజులు తిరగకుండానే గంగాధరరావు మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గిటారు లేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాత పికప్పులు ఉన్నాయా అమ్మాయ్? పారేయలేదు కదా? పాతవే పెట్టెయ్."

"ఏమైంది సార్? మోత ఒస్తున్నదా?"

"లేదమ్మా. అసలు రావడం లేదు." కూర్చోమన్నా కూర్చోలేదు. "నిన్న పొద్దున్నే మా ఆవిడ తలంటుకుంది. చాప వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. ఏడాదయ్యాక. నేను వాయించాను. మొదటి మాటకే జారిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ జారింది. ఫోనులో తంబురా పెట్టాను. చెవిలో దోమ దూరినట్టుంది, కట్టెయ్యండి అంది. ఇక చాప చుట్టేసి ఏమందో తెలుసా? గొంతు బాగానే ఉందండీ, చెవి పోయింది. ఇంకెప్పుడూ నన్ను అడగొద్దు అంది." ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ మోత మీద నెపం వేసుకుని బతికింది. ఇప్పుడు నెపం వేయడానికి కూడా ఏమీ లేకుండా చేశాను. మోత ఉంటేనే నయం."

వాణికి చేతిలో ఐరన్ బరువెక్కింది. తన పనిలో తప్పు లేదని తెలుసు. తెలిసినా తండ్రి వైపు చూసింది. సాయిలు ‘నేను చెప్పలేదా’ అనలేదు. ఆమె సామాన్ల సంచీ తీసి చేతికిచ్చాడు.

"పో బిడ్డా. సార్‌తోనే పో. దుకాణం నేను చూస్త."

మెట్రోలో ఎల్‌బీ నగర్ ఎంతసేపు. దారిపొడుగునా గంగాధరరావు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఉదయలక్ష్మి తలుపు తీసింది. చక్కగా దువ్వి ముడి వేసుకున్న జుట్టు, నుదుట కాస్త పెద్ద బొట్టు. ఏడ్చిన ముఖం కాదు, ఏడుపు అయిపోయిన ముఖం. "నువ్వేనా అమ్మా పికప్పులు పెట్టింది? రా, కూర్చో. పని ఎంత నీటుగా ఉందో. మావారు ఆ మూత విప్పి మరీ చూపించారు" అంది. కోపగించుకున్నా బాగుండేది అనిపించింది వాణికి.

ఆమె కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వాణి గిటారు తగిలించి చూసింది. అంతా సవ్యంగానే ఉంది. ఇల్లంతా ప్రశాంతం. గంగాధరరావు సోఫా అంచున కూర్చుని, డాక్టరు నోటికేసి చూసే రోగి బంధువులా ఆమె నోటికేసి చూస్తున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. నోరు మూసుకుని, తనకే తెలియకుండా, పాలగిన్నె కడుగుతూ తీసే రాగం. వాణి గబుక్కున లేచి గుమ్మం దగ్గర ఆగింది. ఉదయలక్ష్మి అటు తిరిగి ఉంది. రాగం సూటిగా, నిలకడగా ఉంది. చెవి పోయిన మనిషి తీసే రాగం కాదది. ఏ తంబురా లేకుండా ఎలా నిలుస్తోందా అనుకుంటుండగా, ఆమె పక్కనున్న పాత ఫ్రిజ్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దాని మోత ఆగింది. ఉదయలక్ష్మి రాగం మరో రెండు గుక్కలు నిలబడి, మెల్లగా కిందికి జారి, చెదిరిపోయింది. ఆమె నిట్టూర్చి, గిన్నె పొయ్యి మీద పెట్టింది.

వాణి ఫ్రిజ్ వైపు తిరిగింది.

కాఫీ తాగుతున్నంతసేపూ వాణి చెవి ఆ ఫ్రిజ్ మీదే ఉంది. మళ్ళీ ఎప్పుడు మోగుతుందా అని చూసి, మోగిన వెంటనే ఫోను తీసుకుని వెళ్ళి దాని పక్కన పెట్టింది. ఆలుమగలిద్దరూ వెనకాలే వచ్చి, ఈ పిల్లకు మతి పోయిందా అన్నట్టు చూశారు. ఫోనులో ముల్లు ఐదు కట్టెల శ్రుతి దగ్గరికి, అంటే హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టు దగ్గరికి వచ్చి, దాన్ని దాటి పిసరంత పైన నిలబడింది. ఆ పిసరును వాణి ఎరుగును. పాత తీగలన్నిటిలోనూ ఉన్నది అదే. తన చేతులతో తీసేసింది కూడా అదే.

"సార్, మీరు గిటారు శ్రుతి ఎట్ల చేస్తరు?"

"ఎలాగంటే? ఉదయ ‘స’ పట్టుకుంటుంది. దాన్నిబట్టి తీగలు బిగించుకుంటాను. మొదటి నుంచీ అంతే."

"అమ్మా, మరి మీరు ‘స’ ఎట్ల పట్టుకుంటరు?"

"ఈయన గిటారును బట్టి" అంది ఉదయలక్ష్మి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇద్దరిట్ల ఎవరో ఒకలు ముందుండాలె గద" అంది వాణి మెల్లగా. "మీ ఇద్దరికన్న ముందు మోత ఉన్నది. గిటారు తగిలియ్యంగనె అది మొదలైతది. మీరు దాన్ని పట్టుకున్నరు, సార్ మిమ్మల్ని పట్టుకున్నడు. గీ ఇంట్ల గాని, పెళ్ళిళ్ళల గాని, కరెంటు ఏడనైన ఒక్క తీరుగనె మోగుతది. మీ చెవి ఏడికీ పోలేదమ్మా. నేనే మీ తంబురను పీకి డబ్బాల వెట్టిన."

ఉదయలక్ష్మి ఫ్రిజ్ వైపు చూసింది, గిటారు వైపు చూసింది. తర్వాత చిన్నగా నవ్వు మొదలైంది. "అయితే ఇన్నేళ్ళూ నేను కరెంటు వాళ్ళ దగ్గర సంగీతం నేర్చుకున్నానా? తెలిస్తే గురుదక్షిణ అడుగుతారేమో" అంటూ నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకుంది. "చెవి పోలేదన్నమాట. నిన్నంతా నేను పడ్డ నరకం ఆ దేవుడికే తెలుసు."

గంగాధరరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మరి పోయినేడు మండపంలో మోత ఉంది కదమ్మా, ఎందుకు తప్పాను?" అంది ఆమె.

వాణి ఆలోచించింది. జనరేటర్ కరెంటుకు నిలకడ ఉండదని సాయిలు వందసార్లు చెప్పి ఉంటాడు. బల్బులెక్కువైతే మెల్లగయితది, తక్కువైతే ఉరుకుతది అని. "ఆనాడు జనరేటర్ నడిచింది గదా. ఆ మోతకు ఒక నిలకడుండదు. అది జారింది, మీరు దాని ఎంబడే జారిన్రు. సార్ తీగలు మాత్రం ఉన్నకాడనే ఉన్నయి. మీ చెవి అంత మంచిది కాబట్టే తప్పిన్రు."

మర్నాడు వాణి ఒక కొత్త నాబ్ తెచ్చి గిటారుకు పెట్టింది. నొక్కి ఉంచితే మామూలుగా మోత లేని గిటారు. పైకి లాగితే కింది చుట్టలు పక్కకు తప్పుకుని, మోత మళ్ళీ వస్తుంది. ఆ మోతను మోగనిచ్చి, దానికి సరిగ్గా సరిపోయేలా తీగలన్నిటినీ పిసరంత పైకి బిగించింది. ఫోను తప్పంది. అననీ.

గంగాధరరావు నాబ్ పైకి లాగాడు. చాప మీద కూర్చున్న ఉదయలక్ష్మి భుజాలు దిగాయి. కళ్ళు మూసుకుని ‘స’ పట్టుకుంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో వరస కట్టిన వినాయకుడి పాట ఎత్తుకుంది. ఏడాదిపాటు మూసి ఉంచిన గొంతు, మొదట కాస్త బొంగురుగా వచ్చి, పల్లవి రెండోసారికి విచ్చుకుంది. ఆయన వేళ్ళు తీగల మీద, కళ్ళు ఆమె మీద. మధ్యలో చడీ చప్పుడు లేకుండా నాబ్ కిందికి నొక్కేశాడు. మోత పోయింది, ఆమె శ్రుతి పోలేదు. చరణం చివరికొచ్చాక గానీ ఆమె గమనించలేదు. గమనించగానే ఆగిపోయింది.

"ఇంట్లో సరే. అక్కడ ఆ జనరేటరు మోతను నమ్ముకోలేను కదా. ఫోను తంబురా నా చెవికి పడదు. మరి దేన్ని పట్టుకోను?"

"నేను తీగ మీటుతాను కదా."

"మీటిన తీగ ఎంతసేపుంటుందండీ? నేను ఊపిరి తీసుకునేలోపల పోతుంది."

ఆయన తీగ మీటి, అది ఆగిపోయేదాకా విన్నాడు. వాణీ విన్నది.

మండపం రోజు సాయంత్రం వాణి సాయిలును కూడా తీసుకుని వచ్చింది. ఇలా విని రావడానికైతే ఆయనకు మోకాళ్ళ నొప్పి కూడా గుర్తురాదు. ధర్మేందర్ మిక్సర్ ముందు కూర్చుని ఉన్నాడు. మండపం వెనక జనరేటరు గుడగుడమంటోంది. బల్బులు ఎర్రగా, పచ్చగా పరుగెడుతున్నాయి. కుర్చీలు నిండాయి. పోయినేడు నవ్వినవాళ్ళు కూడా వాటిలో ఉండే ఉంటారు.

"అక్కా, ఈసారి అంకుల్ గిటారు సాఫ్‌గున్నది" అన్నాడు ధర్మేందర్, మెచ్చుకోలుగా. "పోయినేడు పరేషాన్ చేసిండు."

ఉదయలక్ష్మి ఆకుపచ్చ పట్టుచీరలో మైకు పట్టుకుని కూర్చుంది. గంగాధరరావు పక్కనే కుర్చీలో. ఆయన తీగ మీటాడు. స్వరం వచ్చింది, జనం గోలలో కలిసిపోయింది. ఆమె ఊపిరి తీసుకుంది గానీ గొంతు విప్పలేదు. మళ్ళీ మీటాడు. మళ్ళీ పోయింది. ఆయన చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. లాగాడు. మోత వచ్చింది గానీ అది జనరేటరు మోత, తాగినవాడి నడకలా అటూ ఇటూ పోతోంది. ఉదయలక్ష్మి ముఖం తెల్లబోయింది. ఆయన గబుక్కున నాబ్ నొక్కేశాడు.

"ఆంటీ, కానియ్యుండ్రి" అని ముందు వరస నుంచి ఎవరో అన్నారు.

ఆమె మైకు పట్టుకున్న చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగుతోంది. పోయినేడు దిగినట్టే. వాణికి ఈసారి దిగిందంటే ఇక మళ్ళీ లేవదని తెలుసు. పక్కన సాయిలు వణికే చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది.

గంగాధరరావు కుర్చీని భార్య దగ్గరికి లాక్కున్నాడు. తీగ మీటి, తల ఆమె చెవి దాకా వంచి, కళ్ళు మూసుకున్నాడు. జన్మలో కోరస్‌లో కూడా నోరు తెరవని మనిషి. మూసిన పెదాల వెనక నుంచి మ్మ్ అని సన్నగా మొదలుపెట్టాడు. బొంగురు గొంతు, అందం చందం ఏమీ లేదు. కానీ ఇన్నేళ్ళు ఆ మోత పక్కన కాపురం చేసినవాడు, అది ఆయన ఒంట్లోకీ ఇంకిపోయింది. ఐదు కట్టెల మీద పిసరంత పైన, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా నిలబడింది. తీగ ఆగింది, ఆయన ఆగలేదు.

ఉదయలక్ష్మి చెయ్యి పైకి లేచింది. కళ్ళు మూతపడ్డాయి.

ఆమె మైకులోకి ఆయన మోత కూడా దూరి, మండపమంతా వినిపించింది. ధర్మేందర్ ఉలిక్కిపడి అన్ని మీటలూ తడుముకున్నాడు. ఎక్కడి నుంచో అర్థం కాక, చివరికి తన మైకులోనే అడిగేశాడు.

"ఆంటీ, మళ్ల ఏందో మోత ఒస్తున్నది. బంద్ చెయ్యాల్నా?"

జనం నవ్వారు. ఉదయలక్ష్మి కళ్ళు తెరిచి భర్తను చూసింది. ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి గానీ మోత మాత్రం ఆపలేదు. ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వద్దు నాయనా. అది మా ఇంటి మోత. ఉండనీ" అంది. అని, దాని మీదే పాట ఎత్తుకుంది.